కారవాన్‌లో కరెంటు పోతే తప్పు బ్యాటరీదేనా?

గండికోటలో బండి ఆపారు. పగలంతా ఇంజను నడిచింది, టాపు మీది సోలార్ పలకలకు ఎండ బాగా తగిలింది. మీటరు 12.6 వోల్టులు చూపిస్తోంది. రాత్రి చట్నీకని మిక్సీ వేయగానే ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. మిక్సీ తీసేస్తే మీటరు మళ్లీ 12.6 దగ్గరికి వచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. తెల్లారి జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో షెడ్డుకు పోతే జవాబు సిద్ధంగా ఉంటుంది: "బ్యాటరీ పోయిందన్నా, కొత్తది ఏసుకోవాల." పదిహేను, ఇరవై వేలు పెట్టి కొత్తది వేయిస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ అదే కీచు.

కారవాన్ అంటే మనకు మొన్నమొన్నటిదాకా సినిమావాళ్లదే. అంతకుముందు చూసిందంటే 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం. ఇప్పుడు ట్రావెలరు వ్యాన్లూ పాత మినీబస్సులూ కొని, లోపల పడకలు, పొయ్యి, సింకు బిగించుకుని బెలుం గుహలు, యాగంటి, లేపాక్షి చుట్టివచ్చే కుటుంబాలు కనిపిస్తున్నాయి. షూటింగు కారవాన్ పక్కన జనరేటరు నడుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ బ్యాటరీ లెక్క ఎవరికీ పట్టదు. ఇంటిల్లిపాదీ వేసుకుపోయే బండిలో మాత్రం రాత్రి లెక్కంతా బ్యాటరీదే. అందుకే ఏ తేడా వచ్చినా నింద మొదట దాని మీదే పడుతుంది.

నా వాదన ఇదీ: ఏ పనీ చేయకుండా ఉన్న బ్యాటరీ మీద మీటరు పెట్టి చూసే వోల్టేజీ సగం సంగతి కూడా చెప్పదు. లోడు పడ్డప్పుడు, వైరుకు రెండు కొనల దగ్గరా కొలిస్తేనే దొంగ దొరుకుతాడు. దానికి కావలసింది ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు మల్టీమీటరే. వైరు చుట్టూ పట్టుకుని డీసీ (బ్యాటరీ ఇచ్చే, ఒకే దిక్కున పారే కరెంటు) ఆంపియర్లు కూడా చూపే క్లాంప్ మీటరైతే ఇంకా మేలు. కొనేటప్పుడు "డీసీ ఉందా" అని అడిగి తీసుకోండి, చౌకవాటిలో చాలావరకు ఇంటి కరెంటును మాత్రమే కొలుస్తాయి.

బండిలో ఏది దేని మీద నడుస్తుంది

ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ ఒకటి. సెల్ఫు, హెడ్‌లైట్లు, హారను దానివి. లోపలి లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాన్లు, ఫ్రిజ్జు కోసం వేరే బ్యాటరీ ఉంటుంది, దాన్ని ఇంటి బ్యాటరీ అందాం. వీటిలో చాలావరకు 12 వోల్టుల డీసీ మీద నేరుగా నడుస్తాయి. మిక్సీకి, టీవీకి, ఏసీకి 230 వోల్టుల ఇంటి కరెంటు కావాలి. అది ఇన్వర్టరు నుంచి రావాలి, లేదా బయటి ప్లగ్గు నుంచి, లేదా జనరేటరు నుంచి. ఇంటి బ్యాటరీని నింపేవి కూడా మూడే: ఇంజను మీది డైనమో, సోలార్, బయటి ప్లగ్గుకు తగిలించే చార్జరు.

ఇది మనసులో ఉంటే సగం వెతుకులాట తగ్గుతుంది. లైట్లు వెలుగుతూ మిక్సీ మాత్రం తిరగకపోతే ఇన్వర్టరు వైపు చూడాలి. లైట్లు కూడా పూర్తిగా పోతే బ్యాటరీ పక్కనున్న మెయిన్ ఫ్యూజు చూడాలి. బయటి ప్లగ్గు పెట్టినప్పుడు అన్నీ నడిచి, తీయగానే అన్నీ ఆగిపోతే బ్యాటరీ నిండడం లేదు, లేదా చార్జరు ఒక్కటే భారమంతా మోస్తోంది. ఒక్క లైటే వెలగకపోతే అది ఆ లైటు గొడవ. దానికోసం బ్యాటరీ పెట్టె విప్పక్కర్లేదు.

బస్సు లేదా లారీ ఛాసిస్ మీద కట్టిన బండ్లలో మరో చిక్కు ఉంది. వాటి ఇంజను కరెంటు 24 వోల్టులది, రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి ఉంటారు. పాటల సెట్టుకు 12 వోల్టులు కావాలి కాబట్టి, రెండింటిలో ఒకదాని మీద నుంచే వైరు లాగేయడం మన లారీ షెడ్లలో ఏనాటి నుంచో ఉన్న అలవాటు. ఒక చిన్న టేపుకైతే సరిపోయిందేమో. కారవాన్ లైట్లూ పంపూ అలా కలిపితే ఆ బ్యాటరీ రోజూ ఖాళీ అవుతుంది, రెండోది నిండే ఉంటుంది. చార్జింగు మాత్రం రెండింటికీ కలిపి ఎక్కుతుంది. చివరకు ఒకటి ఆకలితో, మరొకటి అజీర్తితో పోతాయి. 24ను 12గా మార్చే కన్వర్టరు పెట్టడమే దీనికి మందు. రెండు బ్యాటరీల మధ్య అర వోల్టు తేడా కనబడితే ముందు ఇదే అనుమానించండి.

దారిలో పోయే వోల్టులు

కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు ఇది వివరించడం తేలిక. కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గర నీళ్లు నిండుగా వదిలారన్న మాట నిజమే కావచ్చు. చివరి ఆయకట్టు రైతు మడిలోకి ఎన్ని వచ్చాయన్నది వేరే లెక్క. మధ్యలో పూడిక ఉందా, గండి పడిందా అని గట్టు వెంబడి నడిచి చూస్తే తప్ప తెలియదు. తూములు మూసి ఉన్నప్పుడు కాలువంతా ఒకే మట్టంగా నిండుగా కనిపిస్తుంది. తూములు ఎత్తాకే ఎక్కడ తక్కువో బయటపడుతుంది. మీటరులోని 12.6 తూములు మూసి ఉన్నప్పటి మట్టం.

ఇప్పుడు లెక్క వేద్దాం. వెయ్యి వాట్ల మిక్సీకి ఇన్వర్టరు తన నష్టాలు కూడా కలుపుకుని బ్యాటరీ నుంచి 95, 100 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో అదే మిక్సీ 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల చిల్లరతో నడుస్తుంది. ఇంటి వైరింగు అలవాటున్న ఎలక్ట్రీషియన్ కారవాన్ వైరింగు చేస్తే తప్పు జరిగేది ఇక్కడే. అతని దృష్టిలో 16 స్క్వేర్ ఎంఎం వైరంటే చాలా లావు. బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు మూడు మీటర్ల దూరమైతే, పోనూ రానూ ఆరు మీటర్ల రాగి. దాని నిరోధం 0.0065 ఓములు. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంది గానీ, 100 ఆంపియర్లు పారితే 0.65 వోల్టు అక్కడే పోతుంది, వైరు 65 వాట్ల వేడి పుట్టిస్తుంది. 230లో అర వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12లో పోతే మిక్సీ ఆగిపోతుంది.

దీనికి తోడు ఒక వదులు లగ్గు, అంటే వైరు కొనకు తొడిగి బోల్టుకు బిగించే లోహపు చెవి, ఉందనుకోండి. దాని దగ్గర 0.01 ఓము నిరోధం చాలు, 100 ఆంపియర్ల మీద ఒక వోల్టు అక్కడ మింగేస్తుంది, 100 వాట్ల వేడి పుడుతుంది. ఇక మొత్తం చూడండి. 12.6 ఉన్న మంచి బ్యాటరీ అంత లోడు కింద 11.8కి దిగుతుంది, అది దాని సహజం. వైరు 0.65 తీసుకుంది, లగ్గు 1 తీసుకుంది. ఇన్వర్టరు మూతి దగ్గర మిగిలింది 10.15. చాలా ఇన్వర్టర్లు 10.5 దగ్గర బ్యాటరీని కాపాడటానికి తమంతట తాము ఆగిపోతాయి. గండికోట రాత్రి జరిగింది ఇదే. ఇందులో బ్యాటరీ తప్పు ఏదీ లేదు. కొత్త బ్యాటరీ వేస్తే లోడు కింద 11.8 బదులు 12.2 నిలుస్తుంది, ఇన్వర్టరుకు 10.55 చేరుతుంది, మిక్సీ తిరుగుతుంది. అందుకే కొన్నాళ్లు బాగైనట్టు కనిపిస్తుంది. కొత్తదనం కాస్త తగ్గగానే పాత కథ మళ్లీ మొదలవుతుంది.

పరీక్ష ఇలా చేయాలి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టండి. మిక్సీ కంటే నీళ్ల కెటిల్ లాంటిది మేలు, లోడు నిలకడగా ఉంటుంది. అది వేసి ఉండగానే బ్యాటరీ రెండు సీసపు బొడిపెల మీద మీటరు ముళ్లు ఆనించి చూడండి. బొడిపెను పట్టుకున్న వైరు క్లాంపు మీద కాకుండా బొడిపె మీదే పెట్టాలి, ఎందుకో ఇప్పుడే చెబుతాను. తర్వాత ఇన్వర్టరు టెర్మినళ్ల మీద చూడండి. రెండు అంకెల మధ్య తేడా అర వోల్టు దాటితే కాసేపు బ్యాటరీ మాట మరిచిపోండి, దారి చూడండి.

దారిలో ఎక్కడ అన్నది తేల్చడానికి ఇంకా చక్కటి పద్ధతి ఉంది. చాలామంది మెకానిక్కులు ఇది వాడరు, ఎందుకో నాకు అర్థం కాదు. లోడు నడుస్తుండగా మీటరు ఒక ముల్లు బ్యాటరీ బొడిపె మీద, రెండో ముల్లు దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టండి. రెండూ ఒకే చోటు కదా, సున్నా రావాలి. 0.3 వచ్చిందంటే ఆ రెండు లోహాల మధ్య, కంటికి కనబడని మురికి పొరలో, 0.3 వోల్టు పోతోంది. క్లాంపు మీద మాత్రమే ముల్లు పెట్టి కొలిచేవాళ్లకు ఈ నష్టం ఎప్పటికీ దొరకదు. అదే తీరున క్లాంపు నుంచి లగ్గుకు, లగ్గు నుంచి ఫ్యూజు ఈ పక్కకు, ఫ్యూజు ఈ పక్క నుంచి ఆ పక్కకు, అక్కడి నుంచి ఇన్వర్టరుకు, ఒక్కో అడుగే జరుగుతూ పోండి. నెగెటివ్ వైపూ ఇలాగే. ఎక్కడ అంకె లేచిందో జబ్బు అక్కడే ఉంది. మీటరు లేనప్పుడు చెయ్యే గుర్తు: లోడు పది నిమిషాలు నడిపి, ఆపి, వేలి వెనక వైపుతో జాగ్రత్తగా తాకితే వేడెక్కిన లగ్గు తెలిసిపోతుంది. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు, అది జ్వరం కొలవడానికి చేసింది.

జబ్బు దొరికాక వైద్యం చౌకే. బొడిపెలు గరుకు కాగితంతో రుద్ది తెల్లబరచడం, లగ్గును సుత్తితో కొట్టి కాకుండా సరైన క్రింపింగ్ టూలుతో నొక్కించడం, వైరును 50 స్క్వేర్ ఎంఎంకి మార్చడం. అదే మూడు మీటర్లలో అప్పుడు పోయేది 0.2 వోల్టు మాత్రమే. వీలైతే ఇన్వర్టరునే బ్యాటరీ దగ్గరికి జరిపితే ఇంకా మంచిది. బండి లోపల 230 వోల్టుల వైరును ఎంత దూరం లాగినా పెద్ద నష్టం ఉండదు. కొనేటప్పుడు వైరు చీల్చి చూడండి. కారు సౌండు సిస్టాలకు అమ్మే లావు వైర్లలో కొన్ని పైకి రాగి పూత, లోపల అల్యూమినియం. నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు.

ఎర్త్ సంగతి వేరే చెప్పుకోవాలి. బండ్లలో నెగెటివ్‌ను చాలాచోట్ల బాడీకే బిగించి, ఇనుమునే తిరుగు వైరుగా వాడతారు. రంగు గీకకుండా బోల్టు బిగించినా, కింద తుప్పు పట్టినా, కడిగిన నీళ్లు చేరినా ఆ దారి మూసుకుపోతుంది. దీని గుర్తులు వింతగా ఉంటాయి. పంపు వేస్తే లైట్లు మినుకుమంటాయి. బ్రేకు తొక్కితే లోపల ఏదో వెలుగుతుంది. ఒక స్విచ్చు వేస్తే రెండు పరికరాలు సగం సగం నడుస్తాయి. కరెంటుకు తన దారి దొరక్క పక్కవాడి దారిలో పడి పోతోందన్నమాట. ఇలాంటి దయ్యపు చేష్టలు కనిపిస్తే ఫ్యూజుల పెట్టె జోలికి పోకముందే ఎర్త్ బోల్టులు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించండి.

ఇంకొక్క మాట. ఇంట్లో వాడే ఎంసీబీలను (కరెంటు ఎక్కువైతే తమంతట తామే పడిపోయే స్విచ్చులను) సోలార్ వైర్ల మీద బిగించిన బండ్లు ఉన్నాయి. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది, కాబట్టి ఎంసీబీ తెరుచుకున్నప్పుడు లోపలి నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో సున్నా అన్నదే రాదు, రవ్వ ఆరకుండా కాలుతూనే ఉండొచ్చు. పలకలను వరసగా కలిపి 80, 100 వోల్టులు తెచ్చే చోట ఇది నిజమైన అగ్ని ప్రమాదం. డీసీకి అని రాసి ఉన్నదే వాడాలి. బ్యాటరీ పాజిటివ్ దగ్గర, జానెడు దూరంలోపు, సరైన ఫ్యూజు ఉండి తీరాలి. మధ్యలో వైరు నలిగి బాడీకి తగిలితే ఆపేది అదొక్కటే. పని మొదలుపెట్టే ముందు ఉంగరం, గడియారం తీసేసి, నెగెటివ్ ముందు విప్పండి. 12 వోల్టులకు షాకు కొట్టదు నిజమే, కానీ పానా రెండు టెర్మినళ్లకూ తగిలితే ఎర్రగా కాలుతుంది.

బ్యాటరీ నిజంగానే పోయినప్పుడు

దారంతా బాగుండి, లోడు కింద బొడిపెల మీదే వోల్టేజీ 11 కిందికి జారిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించవచ్చు. ముందు అది నిండి ఉందో లేదో తేల్చుకోవాలి. నీళ్లు పోసే సీసపు బ్యాటరీ చార్జింగూ లోడూ లేకుండా కొన్ని గంటలు విశ్రాంతి తీసుకున్నాక 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 11.8 అంటే అడుగంటినట్టు. చార్జరు తీసిన వెంటనే కనిపించే 13 అంకెను నమ్మకండి, అది పైపొంగు. సగం కంటే కిందికి రోజూ దింపితే ఆయుష్షు తరుగుతుంది కాబట్టి 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మనది అనుకోవలసింది 75. ఆ 150 కూడా 20 గంటల పాటు ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగా తీస్తే వచ్చేది. 100 ఆంపియర్లతో ఒక్కసారిగా పిండితే అంత రాదు.

మన సీమలో ఈ బ్యాటరీలకు పెద్ద శత్రువు ఎండ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ వ్యాపారంలో అందరూ వాడే మోటు లెక్క. మే నెలలో అనంతపురంలో నిలబెట్టిన బండిలో సీటు కింది ఇనుప పెట్టె ఎంత కాగుతుందో చెప్పనక్కర్లేదు. పైగా వేడిలో బ్యాటరీకి తక్కువ చార్జింగు వోల్టేజీ సరిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 14.4 అవసరమైనది 45 డిగ్రీల దగ్గర 13.9 చాలు. ఉష్ణోగ్రత తెలుసుకునే సెన్సరు లేని చార్జరు 14.4నే తోస్తూ పోతే నీళ్లు ఉడికి ఆవిరవుతాయి, పలకలు బయటపడతాయి. వేసవిలో పదిహేను రోజులకోసారైనా మూతలు తీసి చూసి, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు ఎప్పుడూ వద్దు.

లిథియం బ్యాటరీ తీరు పూర్తిగా వేరు. ముప్పావు నిండినా, పావే మిగిలినా అది 13 దగ్గరదగ్గరే చూపిస్తుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కుదరదు. లోపలికి పోయిన, బయటికి వచ్చిన ఆంపియర్లను లెక్కపెట్టే షంటు మీటరు కావాలి. దాని లోపల బీఎంఎస్ అనే కాపలాదారు ఉంటుంది. మరీ ఖాళీ అయినా, మరీ ఎక్కువ కరెంటు లాగినా, మరీ వేడెక్కినా అది గేటు మూసేస్తుంది, మీటరులో ఒక్కసారిగా సున్నా కనబడుతుంది. బ్యాటరీ చచ్చిందని కంగారుపడతారు. చాలావాటిలో 55, 60 డిగ్రీల దగ్గర చార్జింగు ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ ఉండగా సోలార్ నుంచి ఒక్క ఆంపియరు కూడా ఎక్కకపోవడం, సాయంత్రం చల్లబడగానే తనంతట తానే మొదలవడం చూస్తే సోలార్ పలకలను తిట్టకండి. బ్యాటరీని ఇంజను పక్కనుంచీ ఎండ తగిలే గోడ పక్కనుంచీ జరిపి, పెట్టెకు గాలి ఆడేలా చేయండి.

ఏమీ వాడలేదు, అయినా దిగిపోయింది

ఇది చిన్న సంగతి, కానీ దీనితో మోసపోయినవాళ్లు ఎక్కువ. ఇన్వర్టరు ఆన్ చేసి వదిలేస్తే, దానికి ఏమీ తగిలించకపోయినా 20 వాట్ల దాకా తానే తింటుంది. అంటే 1.7 ఆంపియర్లు. ఇరవై నాలుగు గంటలకు 40 ఆంపియర్ అవర్లు. మనది అనుకున్న 75లో సగానికి పైగా ఒక్క పచ్చ లైటు వెలగడానికి ఖర్చయిపోయింది. వాడనప్పుడు స్విచ్చు తీసేయడమే దీనికి వైద్యం. అన్నీ ఆపాక కూడా దిగుతుంటే, బ్యాటరీ నెగెటివ్ వైరు చుట్టూ క్లాంప్ మీటరు పెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటే లాగుతూ ఏది తీస్తే అంకె పడిపోతుందో చూడండి.

నింపేవాళ్లు సరిగా నింపుతున్నారా

ఇంజను నడుస్తుండగా స్టార్టింగ్ బ్యాటరీ మీద 14 వోల్టుల చిల్లర, ఇంటి బ్యాటరీ మీద 12.5 కనిపిస్తే డైనమో బాగానే ఉంది. రెండింటినీ కలిపే రిలే, దాని ఫ్యూజు, లేదా పొడుగాటి వైరు చూడాలి. రెండింటి మీదా 12.5 ఉంటే డైనమో లేదా బెల్టు. కొన్ని కొత్త బండ్లలో డైనమో తెలివిమీరింది. స్టార్టింగ్ బ్యాటరీ నిండగానే డీజిలు ఆదా కోసం వోల్టేజీ దించేస్తుంది. అలాంటి బండిలో మామూలు రిలే పెట్టి కర్నూలు నుంచి తాడిపత్రి దాకా నడిపినా ఇంటి బ్యాటరీ సగం కూడా నిండదు. డీసీ నుంచి డీసీకి నింపే చార్జరు వేయాలి. లిథియం వేసుకున్నవాళ్లకు అది వేరే కారణంతో కూడా అవసరం: ఖాళీగా ఉన్న లిథియం ఎంత ఇస్తే అంత తాగుతుంది, ట్రాఫిక్కులో నిలబడి నడుస్తున్న ఇంజను మీది డైనమో చల్లబడే గాలి లేక మాడిపోతుంది.

సోలార్ దగ్గర మనకు ఒక భ్రమ ఉంది. కర్నూలు పక్కన ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదా, మన ఎండకు సోలార్ ఇరగదీయాలి అనుకుంటాం. పలకకు కావలసింది వెలుతురు, వేడి దానికి నష్టమే. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పడిపోతుంది. వ్యాను టాపుకు అతికించినట్టు బిగించిన పలక మే నెల మధ్యాహ్నం 70 డిగ్రీలకు చేరడం మామూలే, అక్కడికే 18 శాతం పోయింది. 400 వాట్ల పలక 330 ఇస్తుంది. దుమ్ము, బల్లపరుపుగా పడుకోబెట్టడం వల్ల నష్టం కూడా కలిపితే ఇంకా తక్కువ. కాబట్టి 270 చూపిస్తుంటే పలకకూ బ్యాటరీకీ మధ్య ఉండే కంట్రోలరు చెడిందని పరుగెత్తకండి. పలకకూ టాపుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండేలా బిగిస్తే గాలి ఆడి కాస్త మెరుగవుతుంది.

నీడ దీనికంటే ప్రమాదం. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు పోయి, చల్లగా ఉందని చెట్టు వార ఆపారనుకోండి. పలకలో నాలుగోవంతు మీద కొమ్మ నీడ పడితే పోయేది నాలుగోవంతే అనుకుంటాం. గడులన్నీ వరసగా కలిపి ఉండటంతో సగమో అంతకంటే ఎక్కువో పోవచ్చు. మనుషులకు నీడా, పలకకు ఎండా ఒకేసారి కావాలంటే మడిచే పలకను పొడుగు వైరుతో బయట పెట్టుకోవడమే దారి. సోలార్ కంట్రోలరు విప్పాల్సి వస్తే పలక వైర్లు ముందు తీసి, బ్యాటరీ వైర్లు తర్వాత తీయాలి. బిగించేటప్పుడు బ్యాటరీ ముందు. తిరగేస్తే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి.

ఊళ్లో ప్లగ్గు దొరికితే

ఇక్కడ మాత్రం ప్రాణాలతో లెక్క. 12 వోల్టుల గొడవలు మిక్సీని ఆపుతాయి, 230 వోల్టుల గొడవలు మనిషిని తీసుకుపోతాయి. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంది, దానికి భూమితో సంబంధం లేదు. లోపల ఎక్కడో ఫేజు వైరు బాడీకి తగిలి, ప్లగ్గులో ఎర్త్ లేకపోతే బండి మొత్తం ఫేజు అవుతుంది. లోపల ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకున్న పిల్లవాడికి తెలుస్తుంది.

అందుకే ధాబాలోనైనా, చుట్టాల ఇంట్లోనైనా, ప్లగ్గులో వైరు పెట్టకముందు, మీటరును డీసీ నుంచి ఇంటి కరెంటు వోల్టులకు మార్చి, పెట్టి చూడాలి. 16 ఆంపియర్ల సాకెట్టులో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230కి అటూ ఇటూ రావాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజు నుంచి ఎర్త్‌కు సున్నానో, 60, 90 లాంటి తేలే అంకెలో వస్తే ఆ ఇంట్లో ఎర్త్ పేరుకే ఉంది. మన నేలల్లో ఇది వింతేమీ కాదు. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తూ ఉండాలి. వాన తక్కువ, రాతి నేల, వేసవిలో ఎవరూ నీళ్లు పోయరు. గుంత ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. ఒక బిందె నీళ్లు పోసి అరగంట ఆగి చూస్తే తేడా కనిపించిన చోట్లు ఉన్నాయి. కనిపించకపోతే ఆ ప్లగ్గు వద్దు.

అంకె 280, 300 ఉంటే అస్సలు తగిలించకండి. అది స్తంభం దగ్గరో ట్రాన్స్‌ఫార్మరు దగ్గరో న్యూట్రల్ తెగిన గుర్తు. ఒక ఇంట్లో బల్బులు మిరుమిట్లు గొలుపుతూ, పక్కింట్లో గుడ్డిదీపాల్లా ఉంటే కారణం ఇదే. ఇక తోటల్లో ఒక పద్ధతి ఉంది: బోరు మోటరు స్టార్టరు నుంచి ఒక ఫేజు లాగి, న్యూట్రల్ బదులు కేసింగు పైపుకు వైరు చుట్టేస్తారు. బల్బు వెలుగుతుంది. దానికి కారవాన్ తగిలిస్తే పైపు చుట్టూ నేలలో కరెంటు పారుతుంది. ఆతిథ్యం ఇచ్చే రైతుతో నచ్చజెప్పి తప్పుకోండి.

లో వోల్టేజీ మనకు పాత చుట్టమే. సాయంత్రం 180కి పడితే కొత్తరకం చార్జర్లు తట్టుకుంటాయి, ఏసీ కంప్రెసరు మాత్రం మూలిగి ఆగిపోతుంది. స్టెబిలైజరు పెడితే వోల్టేజీ లేస్తుంది, కానీ దానికోసం లైను నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. మధ్యలో సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుంటే అది కరిగేది అప్పుడే. 0.75 స్క్వేర్ ఎంఎం వైరు 30 మీటర్లు లాగి పది ఆంపియర్లు పంపితే దాదాపు 14 వోల్టులు పోవడమే కాకుండా 140 వాట్ల వేడి పుడుతుంది. రీలుకు చుట్టి ఉంచితే ఆ వేడంతా ఒకేచోట. వైరు మొత్తం విప్పి పరవండి, 2.5 స్క్వేర్ ఎంఎం వాడండి.

బండి లోపల 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, తప్పనిసరి. అది మాటిమాటికీ పడిపోతుంటే తీసేసి నేరుగా కలిపించుకునేవాళ్లను చూశాను, అంతకంటే తెలివితక్కువ పని లేదు. అన్ని ప్లగ్గులూ తీసి, ఒక్కొక్కటే పెడుతూ పోతే దొంగ దొరుకుతాడు. చాలాసార్లు గీజరు ఎలిమెంటే, పగిలి తేమ పట్టి ఉంటుంది. ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు కూడా ఆర్‌సీసీబీ పనిచేయాలంటే ఇన్వర్టరు బయటికి వచ్చే చోట న్యూట్రల్‌ను బండి ఎర్త్‌కు కలిపి ఉండాలి, బయటి ప్లగ్గు పెట్టగానే ఆ కలయిక విడిపోవాలి. మంచి ఇన్వర్టర్లలో దానికి రిలే ఉంటుంది, లేనివాటికి మనంతట మనం చేయకూడదు, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాలి.

ఏసీ అడిగేవాళ్లకు

ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రంతా సగటున 600 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఎనిమిది గంటలకు దాదాపు ఐదు యూనిట్లు. 12 వోల్టుల బ్యాటరీ లెక్కలో, నష్టాలు కలిపి, 450 ఆంపియర్ అవర్లు. సీసపు బ్యాటరీల్లో సగమే వాడాలి కాబట్టి 150వి ఆరు కావాలి, బరువే మూడు క్వింటాళ్లు దాటుతుంది. లిథియంలో 100వి ఐదు. పగలు వాటిని తిరిగి నింపాలంటే టాపు మీద అంత చోటు దొరకడం చాలా ట్రావెలర్లలో కష్టం. జనరేటరు పెట్టుకోవచ్చు, కానీ దాని పొగ కిటికీ వైపు రాకుండా దూరంగా, గాలి బండి నుంచి అవతలికి వీచే వైపు పెట్టాలి, మూసిన బండిలో నిద్రపోతున్నవాళ్లకు ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన కూడా తెలియదు. అందుకే మేలో ఏసీ కావాలనుకునేవాళ్లు రాత్రికి మంచి ప్లగ్గు ఉన్న చోటు ముందే ఫోను చేసి చూసుకుంటారు. అక్టోబరు దాటాక వచ్చేవాళ్లకు 20 వాట్ల 12 వోల్టుల ఫ్యాను చాలు. అది రాత్రంతా తిరిగినా 14 ఆంపియర్ అవర్లు దాటదు.